డెబ్భై రెండో ఏట పట్టిన కత్తెర

ఇంట్లో వాళ్ళు నవ్వుతారని జంకుతున్నావు కదా చెల్లీ, నవ్వనీ. ఇన్నేళ్ళూ ఓపిగ్గా తంజావూరు కృష్ణుణ్ణి దిద్దిన పిల్ల, ఉన్నట్టుండి ఎండుటాకులూ పాత పట్టుచీర అంచులూ పెళ్ళిపత్రికల ముక్కలూ ముందేసుకుని కూర్చుంటే చూసేవాళ్ళకి కాస్త వింతగానే ఉంటుంది. వాళ్ళ నవ్వు నాలుగు రోజులు. నీ లోపల పట్టుకున్న గుబులు అంత తొందరగా పోయేది కాదు, దాని గురించే మాట్లాడుకుందాం. "చెయ్యి తిరిగిన పని వదిలేసి, రాని పనిలో చెయ్యి పెడితే ఇన్నేళ్ళ శ్రమా గంగలో కలిసినట్టే కదక్కా" అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను నేను.

ముందు ఒక ముసలావిడ గురించి చెప్తాను. కాఫీ తెచ్చుకో, కాస్త పొడుగు కథ.

ఆవిడ పేరు మేరీ డెలానీ. ఇంగ్లండు మనిషి, 1700లో పుట్టింది. 1772లో బకింగ్‌హామ్‌షైర్‌లోని బుల్‌స్ట్రోడ్ అనే బంగళాలో, తన స్నేహితురాలు పోర్ట్‌లాండ్ డచెస్ మార్గరెట్ దగ్గర ఉంటోంది. రెండోసారి విధవరాలై నాలుగేళ్ళయింది. అప్పటి లెక్కలో 72 ఏళ్ళంటే బోనస్ మీద బతుకుతున్నట్టే. ఒక రోజు ఎదురుగా ఉన్న జెరేనియం పువ్వు రేక ఒకటి రాలింది. పక్కనే సరిగ్గా అదే ఎరుపులో ఒక కాగితం ముక్క ఉంది. కత్తెర తీసుకుని ఆ కాగితాన్ని రేకలాగా కత్తిరించింది. ఇంకోటి, ఇంకోటి. ఈలోగా డచెస్ గదిలోకొచ్చి, ఆ పువ్వుని పట్టుకుని ఏం చేస్తున్నావని అడిగిందట. కాగితపు రేకల్ని నిజం రేకలనుకుంది మరి. ఆ అక్టోబరులో డెలానీ తన చెల్లెలి కూతురికి ఉత్తరం రాస్తూ, పువ్వుల్ని దించడానికి ఒక కొత్త పద్ధతి కనిపెట్టానని చెప్పింది.

అది మొదలు 1782 వరకు, పదేళ్ళలో, 985 పువ్వులు. నల్లటి కాగితం మీద సన్నసన్నటి రంగు కాగితాల ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి చేసినవి. 'పేపర్ మొజాయిక్స్' అని ఆవిడే పేరు పెట్టుకుంది. పది సంపుటాలుగా అవి లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాళ్ళ వెబ్‌సైట్‌లో బొమ్మలు పెద్దవి చేసి చూడొచ్చు. ఫోన్లో కాదు, మీ అబ్బాయి లాప్‌టాప్‌లో చూడు. పెద్దవి చేసేదాకా అది పెయింటింగే అనుకుంటావు, ఆ తర్వాతే కాగితం అంచులు కనపడతాయి.

మామూలుగా ఈ కథని ఇక్కడే ముగించేస్తారు. చూశారా, 72 ఏళ్ళకి కళాకారిణి అయింది, వయసుదేముంది, మీరూ మొదలుపెట్టండి అని. నాకు ఆ ధోరణి నచ్చదు. డెలానీ 72వ ఏట కళాకారిణి అయిన మనిషి కాదు. అప్పటికి 60 ఏళ్ళుగా ఆవిడ చేతులు ఖాళీగా లేవు. కాకపోతే ఆవిడ చేసినదాన్ని ఎవరూ కళ అనలేదు, 'ఆడవాళ్ళ పనితనం' అన్నారు.

బడికెళ్ళే వయసులోనే కాగితంతో పువ్వులూ పిట్టలూ కత్తిరించేది. పెద్దయ్యాక ఆల్చిప్పలూ గవ్వలూ పోగేసి గుహల గోడలకి, పొయ్యి చట్రాలకి అతికించేది. డబ్లిన్ దగ్గర డెల్‌విల్ అనే ఇంట్లో కాపురం ఉన్నప్పుడు అక్కడి ప్రార్థన గది పైకప్పుకి గవ్వలతో నగిషీ చేసింది. దూరం నుంచి చూస్తే గచ్చుతో పోతపోసిన అలంకారంలా కనపడేలా చేసిందట. అంటే ఒక వస్తువుతో ఇంకో వస్తువుని నమ్మించడం అప్పటికే చేతికి వచ్చింది. బొమ్మలు దించుకునేది, తోట వేసేది. ఇక కుట్టుపని సరేసరి. రాజుగారి కొలువుకి వేసుకెళ్ళడానికి నల్ల శాటిన్ మీద రంగురంగుల పువ్వులు కుట్టుకున్న దుస్తుల ముక్కలు ఇప్పటికీ మిగిలి ఉన్నాయి.

నల్ల శాటిన్ అన్నానా, అక్కడ ఒక్క నిమిషం ఆగు. ఆ రోజుల్లో మొక్కల బొమ్మలు వేసే నిపుణుల్లో చాలామంది తెల్ల కాగితం మీదే వేసేవాళ్ళు. శాస్త్రం పుస్తకాలకి అదే పద్ధతి. ఈవిడ మాత్రం వెనకంతా నల్లరంగు పూసింది. ఎందుకలా చేసిందంటే నాకు తోచేది ఒక్కటే. నలుపు మీద పువ్వు ఎలా లేస్తుందో ఆవిడ కళ్ళకి తెలియకముందే సూదికి తెలుసు. ముప్పై ఏళ్ళ కిందట కుట్టిన పావడా ఇక్కడ కాగితమై వచ్చింది. నువ్వు గంగలో కలిసిపోతుందంటున్న శ్రమ ఎక్కడికీ పోదు చెల్లీ. వేరే వేషంలో తిరిగొస్తుంది.

ఆవిడ కాపురం సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఏదో తీరుబడిగా ఉన్న గొప్పింటి ఆవిడ కాలక్షేపం అనుకుంటావు. 17 ఏళ్ళకి పెళ్ళి చేశారు. వరుడు అలెగ్జాండర్ పెండార్వెస్, పార్లమెంటు సభ్యుడు, అరవయ్యేళ్ళకి దగ్గర పడ్డ మనిషి, తాగుడు, కాళ్ళవాపు రోగం. కుదిర్చినది పెదతండ్రి. రాజకీయంగా ఆయనకి పనికొచ్చే సంబంధం. పిల్ల ఏడుపు ఎవరికీ పట్టలేదు. కార్న్‌వాల్‌లో ఓ పాత కోటలాంటి ఇంటికి తీసుకెళ్ళాడు. ఏడెనిమిదేళ్ళు కాపురం చేసి 1725లో ఆయన నిద్రలోనే పోయాడు. వీలునామా సరిగా రాయకపోవడంతో ఈవిడకి పెద్దగా ఆస్తీ దక్కలేదు. మన వైపు కథలకి ఏం తీసిపోతుంది చెప్పు?

కానీ అక్కడ విధవరాలికి ఒక వెసులుబాటు ఉండేది. తన మాట తనది, తన డబ్బు తనది. మళ్ళీ పెళ్ళికి అడిగినవాళ్ళని 18 ఏళ్ళపాటు కాదంటూ వచ్చింది. చివరికి 43 ఏళ్ళప్పుడు పాట్రిక్ డెలానీ అనే ఐరిష్ చర్చి గురువుని చేసుకుంది. ఆయన మన వంశానికి తగినవాడు కాదని సొంతవాళ్ళు ముఖం చిట్లించారు. ఆయన మాత్రం ఈవిడ తోటపనికీ, బొమ్మలకీ, గవ్వలకీ అడ్డు చెప్పకపోగా ముచ్చటపడేవాడు. పాతికేళ్ళు బాగానే గడిచాయి. 1768లో ఆయన పోయాడు.

ఈ కథంతా మనకెలా తెలుసంటే, ఉత్తరాల వల్ల. ఆవిడకి ఆన్ అని ఒక చెల్లెలుండేది, ఏడేళ్ళు చిన్నది. అక్క లండన్‌లోనో ఐర్లండ్‌లోనో, చెల్లెలు ఇంగ్లండు పల్లెలో. ఏం కట్టుకున్నారు, ఎవరు ఏం వాగారు, తోటలో ఏం పూసింది, ఎన్ని గవ్వలు అతికించాను, అన్నీ రాసుకునేవాళ్ళు. ఇప్పుడు మనం రాత్రి పదింటికి వాయిస్ మెసేజ్‌లు పెట్టుకుంటామే, అవే. 1761లో చెల్లెలు ముందుగా పోయింది. అందుకే ఆ కొత్త పద్ధతి గురించి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు చెల్లెలు లేదు, చెల్లెలి కూతురికి రాసింది. నాకు ఆ ఉత్తరం సంగతి తలచుకుంటే ఏదోలా ఉంటుంది, పోనీలే.

ఇప్పుడు అసలు పని దగ్గరికి వద్దాం, నీకు పనికొచ్చేది ఇదే. ముందుగా పెన్సిలుతో గీసుకునేది కాదంటారు. మొక్కని ఎదురుగా పెట్టుకుని, కళ్ళతో చూస్తూ నేరుగా కత్తిరించడమే. ఒక్కో రేకకి ఒక్క కాగితం చాలదు. నీడ పడ్డ చోట కాస్త ముదురు ముక్క, వెలుగు తగిలిన చోట లేత ముక్క, ఈనె కోసం వెంట్రుకవాసి ముక్క. కృష్ణకమలం, రాఖీపువ్వు అని మనం గోడలమీద పాకించుకుంటాం చూడు, ఆ జాతి తీగే ఒకటి ఉంది, పాసిఫ్లోరా లారిఫోలియా. 1777లో దాన్ని చేసింది. ఆ ఒక్క బొమ్మలో పువ్వు కోసం 230కి పైగా రేకలు కత్తిరించిందని లెక్కపెట్టినవాళ్ళు చెప్తారు. వయసు 77.

కాగితాలు ఎక్కడివి? చైనా నుంచి ఓడల్లో వచ్చినవి కొన్ని. గోడలకి అంటించే రంగు కాగితాలు తయారుచేసేవాళ్ళ దగ్గర, రంగులు కారి కలిసిపోయి అమ్మకానికి పనికిరాని ముక్కలు ఏరి తెచ్చుకునేదట. వాళ్ళు పారేసేదాన్లో ఈవిడకి మందారపు అంచు దొరికేది. చాలనప్పుడు తనే నీటిరంగులు పూసుకునేది. అతికించాక కూడా అక్కడక్కడ కుంచెతో ఒక తడుపు తడిపేది.

అన్నిటికంటే నాకు నచ్చేది ఇంకోటుంది. కొన్నిచోట్ల ఆవిడ కాగితంతో సరిపెట్టుకోలేదు. నిజం ఆకునే తెచ్చి అతికించేసింది! చుట్టూ కాగితపు ఆకులు, మధ్యలో ఎండిన అసలు ఆకు. చూసేవాళ్ళు ఏది ఏదో పోల్చుకోలేరు. నువ్వడిగావు కదా, "కృష్ణుడి బొమ్మలో నిజం నెమలీక పెడితే మోసం అంటారా" అని. డెలానీకి ఆ అనుమానం వచ్చినట్టు లేదు. కాగితం చేయగలిగినంత కాగితం చేసింది, చేయలేని చోట ఆకు వచ్చి కూర్చుంది. మిక్స్‌డ్ మీడియా అని ఇప్పుడు గ్యాలరీల్లో బోర్డులు పెట్టేది దీన్నే.

ఆ మాటకొస్తే నువ్వు ఇన్నాళ్ళూ చేసిందేమిటే? చెక్క మీద గుడ్డ అతికించి, సుద్దపొడీ బంకా కలిపి ఉబ్బెత్తుగా దిద్ది, బంగారు రేకు ఒత్తి, రంగురాళ్ళు పొదిగి, ఆపైన రంగు వేస్తావు. తంజావూరు బొమ్మ కంటే మిక్స్‌డ్ మీడియా ఎక్కడుంది? అది పాతది కాబట్టి సంప్రదాయం, పట్టుచీర అంచు కొత్తది కాబట్టి పిచ్చిపని అంటున్నారంతే. మీ ఇంట్లో వాళ్ళకి ఈ మాట నా మాటగా చెప్పు. వినకపోయినా ఫర్వాలేదు.

డెలానీ విషయంలో కొత్తదనం కాగితంలోనే కాదు, ఎంచుకున్న వస్తువులోనూ ఉంది. ఆవిడ ఊరికే గుత్తులు గుత్తులుగా అందమైన పువ్వులు చేయలేదు. ఒక్కో మొక్కనీ విడిగా తీసుకుంది. కేసరాలెన్ని, ఆకు అంచు రంపపు పళ్ళా నున్ననా, మొగ్గ ఎటు వంగింది, అన్నీ లెక్కే. లీనియస్ కొత్తగా పెట్టిన పద్ధతిలో మొక్కల శాస్త్రాన్ని పెద్ద వయసులో కూర్చుని నేర్చుకుంది. డచెస్ ఇంటికి ఆ కాలపు పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు వచ్చేవాళ్ళు. కెప్టెన్ కుక్ ఓడలో భూమి చుట్టి వచ్చిన జోసెఫ్ బ్యాంక్స్, డేనియల్ సొలాండర్ వాళ్ళలో ఉన్నారు. తర్వాత్తర్వాత రాజుగారి క్యూ తోట నుంచి కూడా మొక్కలొచ్చేవి. ఈవిడ కాగితపు పువ్వుని చూసి మొక్క వివరం తప్పులేకుండా రాసుకోవచ్చని బ్యాంక్సే మెచ్చుకున్నాడంటారు. అలంకారం కోసం చేసే చేతిపని కాస్తా శాస్త్రానికి పనికొచ్చింది.

బ్యాంక్స్ పేరొచ్చింది కాబట్టి మన ఊళ్ళ సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. డెలానీ చివరి పువ్వులు కత్తిరిస్తున్న రోజుల్లోనే, మన సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ డాక్టరు మొక్కలు పెంచడం మొదలుపెట్టాడు, ఇక్కడి చిత్రకారుల చేత వాటి బొమ్మలు వేయించాడు. ఆ బొమ్మలు లండన్ వెళ్ళాయి. ఇదే బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుంచి 'ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్' అని మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో అచ్చయ్యాయి. మొక్కల తెలుగు పేర్లు కూడా రాక్స్‌బర్గ్ రాసిపెట్టాడు. బొమ్మలు వేసినవాళ్ళ పేర్లు మాత్రం పుస్తకంలో రాలేదు. దేవుళ్ళ బొమ్మలో, అద్దకం పూలో వేసుకునే చేతులై ఉంటాయి అవి. దొర వచ్చి, ఈ కొమ్మని ఉన్నదున్నట్టు దించు, కాయని కోసి లోపల గింజ కూడా చూపించు అన్నాడు. వస్తువు కొత్త, కాగితం కొత్త, చూసే తీరు కొత్త. వాళ్ళు ఎంత తికమకపడ్డారో, ఇంటికెళ్ళి భార్యలతో ఏమని చెప్పుకున్నారో! వాళ్ళ ఉత్తరాలు మనకి లేవు.

కళాచరిత్ర పుస్తకాలు తిరగేస్తే, కొలాజ్ అనేది 1912లో పారిస్‌లో పుట్టిందని ఉంటుంది. పికాసో ఒక కాన్వాసు మీద, పేము కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్క అతికించి, చుట్టూ చట్రానికి బదులు తాడు చుట్టాడు. గొప్ప పనే, కాదనను. కానీ డెలానీ జెరేనియానికీ దానికీ మధ్య 140 ఏళ్ళు. ఈవిడ ఇంట్లో కూర్చుని చేసింది, అమ్మలేదు, మగవాళ్ళ గుంపేదీ దానికో ఇజం తగిలించలేదు. అందుకని లెక్కలోకి రాలేదు. నాకు దీని మీద కోపం ఉంది, దాచుకోను.

కత్తెర పట్టినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఫ్రాన్సులో మాతిస్ 1941లో పెద్ద ఆపరేషనై, నిలబడి బొమ్మ వేయలేని స్థితిలో పడ్డాక రంగు కాగితాలు కత్తిరించి గోడలు నింపేశాడు. మన శాంతినికేతన్‌లో వినోద్ బిహారీ ముఖర్జీకి నడివయసులో చూపే పోయింది. అయినా కాగితాలు తడిమి కత్తిరించి కొలాజ్‌లు చేశాడు, కళాభవన్ గోడ మీద పలకలతో పెద్ద కుడ్యచిత్రం చేయించాడు. ఆయన శిష్యుడు సత్యజిత్ రాయ్ 'ది ఇన్నర్ ఐ' అని ఒక చిన్న సినిమా తీశాడు, దొరికితే చూడు. వీళ్ళిద్దరినీ వ్యాధో చీకటో తోసింది. డెలానీని ఎవరూ తోయలేదు, ఊరికే ఒక రేక రాలిందంతే. అందుకే నీకు ఆవిడ కథ చెప్పాను. నీకూ ఏ కష్టమూ రాలేదు కదా, నీకు చేయాలనిపించింది. ఆ కారణం చాలదా?

ఇక పని మాటలు. ఇవి కాస్త శ్రద్ధగా విను, ఎందుకంటే ఉత్సాహం పాడయ్యేది ఇక్కడే.

వస్తువునీ పద్ధతినీ ఒక్కసారే మార్చకు. నువ్వు కృష్ణుణ్ణి కళ్ళు మూసుకుని కూడా దించగలవు. ముందు ఆ కృష్ణుణ్ణే గుడ్డముక్కలతో చేసి చూడు. చేతికి తెలిసిన రూపం కాబట్టి నీ దృష్టంతా గుడ్డ మీదే ఉంటుంది, పట్టు ఎక్కడ మడత పడుతోంది, జరీ ఎక్కడ వెలుగు లాగేసుకుంటోంది అని. గుడ్డ మాట వినడం మొదలుపెట్టాక అప్పుడు వస్తువు మార్చు. లేదా తిరగేసి చెయ్యి, నీకు బాగా తెలిసిన సుద్దముద్దా బంగారు రేకుతోనే, దేవుడి బదులు మీ పెరటి అరటిచెట్టుని చెయ్యి. వంకరగా చీలిన అరటాకుకి బంగారు రేకు ఎలా ఉంటుందో నాకే చూడాలనుంది. రెండూ కొత్తవైతే మాత్రం ఏది చెడిందో తెలియక పక్కన పడేస్తావు.

బంక దగ్గర అందరూ తడబడతారు. మైదాపిండి ఉడకబెట్టిన బంక కాగితానికి చక్కగా పట్టుకుంటుంది, ఆరాక ముడతలు తక్కువ. కానీ దాన్ని సిల్వర్‌ఫిష్ పురుగులూ బొద్దింకలూ బెల్లంలా తింటాయి. అందుకే పాతకాలం బైండింగువాళ్ళు అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాళ్ళు. అది విషం. వంట గిన్నె వాడకు, పిల్లలకి అందనీయకు, చేతులు సబ్బుతో కడుక్కో. గుడ్డకీ చెక్కకీ ఫెవికాల్ లాంటి తెల్ల బంకే మేలు, పల్చగా పూస్తే చాలు. అట్ట మీద ఒకవైపే కాగితం అతికిస్తే ఆరేటప్పుడు అట్ట విల్లులా వంగిపోతుంది. వెనక కూడా ఒక తెల్ల కాగితం అంటించు, రెండు వైపులా లాగి చదునుగా ఉంటుంది. డ్రాయింగు మాస్టార్లు చెప్పని కిటుకు ఇది.

న్యూస్‌పేపరు ముక్కలు వాడాలని ఉందన్నావు. వాడు, కానీ ఏడాది తిరిగేసరికి పసుపుపచ్చగా అవుతుందని తెలిసే వాడు. ఆ కాగితంలో చెక్క గుజ్జు అంతా అలాగే ఉంటుంది, గాలీ ఎండా తగిలితే రంగు మారి పెళుసుబారుతుంది. ఆ పసుపే కావాలనుకుంటే సరే. వద్దనుకుంటే ఫొటోకాపీ తీయించి మంచి కాగితం మీద అచ్చు వేయించుకో. పెళ్ళిపత్రికలు ఫర్వాలేదు, మందంగా ఉంటాయి, కాకపోతే మెరుపు ముద్ర ఉన్నచోట బంక పట్టదు. అక్కడ గరుకు కాగితంతో కాస్త రుద్దు.

ఆకుల విషయంలో తొందరపడకు. లోపల తేమ ఉండగా అతికిస్తే వానాకాలం వచ్చేసరికి బూజు. పాత పేపర్ల మధ్య పెట్టి పైన బరువు పెట్టు, రోజూ పేపర్లు మార్చు. రావాకు సంగతి నీకు తెలుసు, చిన్నప్పుడు పుస్తకాల్లో దాచుకునేవాళ్ళం. దాన్ని కొన్ని వారాలు నీళ్ళలో నానబెట్టి, కుళ్ళిన కండని మెత్తటి బ్రష్‌తో తోసేస్తే ఈనెల వల మిగులుతుంది. వాసనకి ఇంట్లో గొడవ ఖాయం, డాబా మీద పెట్టుకో. ఆ వల కింద బంగారు రేకు పెట్టి చూడు.

రంగుల్లో ఒక్కటే గుర్తుపెట్టుకో. యాక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద యాక్రిలిక్ వేయకూడదు. పొరలుగా ఊడి వస్తుంది.

డబ్బు మాట కూడా అనుకోవాలి. డెలానీకి అమ్మే అవసరం లేదు. డచెస్ పోయాక రాజుగారు విండ్సర్‌లో ఇల్లిచ్చి, ఏడాదికి 300 పౌండ్ల పింఛను కూడా ఏర్పాటు చేశారు. నీకు అలా ఎవరిస్తారు? గృహప్రవేశాలకి నీ కృష్ణుళ్ళే అడుగుతారు, ఆ డబ్బుతోనే పిల్ల ఫీజు కడుతున్నావు. కాబట్టి ఆర్డర్లు మానేయమని నేను చెప్పను. ఉద్యోగం మానేసి మనసు చెప్పిన దారిన పో అని సలహాలిచ్చేవాళ్ళు ఎదుటివాళ్ళ కరెంటు బిల్లు కట్టరు. నెలలో మూడు వారాలు కృష్ణుడివి, ఒక వారం నీది, అంతే. ఆ వారంలో చేసింది ఎవరికీ చూపించాల్సిన పని లేదు, ధర అడిగితే చెప్పాల్సిన పని లేదు.

చివరికొచ్చేసరికి ఆవిడకి చూపు మందగించింది. 1,000 పూర్తి చేయాలని ఆశ. 985 దగ్గర ఆపేయాల్సి వచ్చింది. 1788లో, 88వ ఏడు నిండడానికి నెల ఉందనగా పోయింది. ఆవిడకి పిల్లల్లేరు. ఆ సంపుటాలు చెల్లెలి వంశంలో చేతులు మారుతూ వచ్చాయి. చెల్లెలి మునిమనవరాలు లేడీ లానోవర్ 1860ల్లో ఆ ఉత్తరాలన్నీ ఆరు సంపుటాలుగా అచ్చు వేయించింది, పువ్వుల్ని మ్యూజియంకి చెందేలా వీలునామా రాసింది. 1897లో అవి అక్కడికి చేరాయి. అన్నదమ్ముల ఆస్తి తగాదాల కథలు మనకి బోలెడు తెలుసు. అక్క చేసిన కాగితప్పువ్వుల్ని చెల్లెలి మునిమనవరాలు చెదలు పట్టనీయకుండా కాపాడిన కథ ఇదొక్కటే విన్నాను నేను.

డెలానీ తన పువ్వుల వెనక వివరాలు రాసిపెట్టుకునేది. మొక్క పేరు, చేసిన తేదీ, ఎక్కడ చేసింది, మొక్క ఎవరిచ్చారు. ముందువైపు మూలన కాగితంతోనే కత్తిరించిన రెండక్షరాలు, ఎం.డి. అని. నువ్వు కృష్ణుళ్ళ మీద సంతకం చేయవు, దేవుడి బొమ్మ కదా అంటావు. సరే, నీ ఇష్టం. కానీ ఈ కొత్తవాటి వెనక మాత్రం రాయి. ఏ చీర అంచు, ఎవరి పెళ్ళిది, ఏ చెట్టు ఆకు, ఏ నెల. బాల్‌పెన్‌తో వద్దు, ఇంకు ముందువైపుకి దిగుతుంది. పెన్సిలుతో రాయి.

అన్నట్టు మా టైలరమ్మ దగ్గర జాకెట్ల కత్తిరింపులు ఒక గోనెసంచి నిండా ఉన్నాయి. పట్టు, మంగళగిరి, వెంకటగిరి, అన్నీ కలగలిపి. పారేస్తానంటే నేనే ఆపాను. ఈ ఆదివారం బండి మీద వచ్చి పట్టుకెళ్ళు, మధ్యాహ్నం భోజనం ఇక్కడే. బంక మాత్రం మీ ఇంట్లోనే ఉడకబెట్టుకో. మైలుతుత్తం కలిపే పనికి మా ఇంటి గిన్నె ఒక్కటి కూడా ఇవ్వను.